సరిదిద్దిన పాట

పోయిన వారం కథ ఆగిన చోట, నన్ను మా ఊరి భజన మందిరం మెట్ల మీద వదిలేసి వెళ్ళారు మీరు. కమిటీ వాళ్ళ కారు దుమ్ము రేపుకుంటూ జంగమకోటె దారి పట్టింది. మా అవ్వ తిమ్మక్క నా పక్కన కూర్చుని, పండక్కి కట్టే చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పేస్తాను. నా పేరు నేత్ర. మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు. బెంగళూరులో సంగీతశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. చేస్తున్నాను అనడం కంటే, చేయనిస్తారా లేదా అని కాచుకుని ఉన్నాను అనడం నిజం. పురుగులింట్లో ఆకు వేసేటప్పుడు మా వైపు ఆడవాళ్ళు పాడే పాటలు నా విషయం. ఆ పాటలు స్వయంగా విని, నా రిజిస్ట్రేషన్ ఖాయం చేయాలో వద్దో తేల్చడానికి బుధవారం ముగ్గురు పెద్దలు మా ఊరొచ్చారు. వాళ్ళకు దొరికిందేమిటి? ఒకే రంగు చీరల్లో వరసగా కూర్చున్న ఆడవాళ్ళు, ఒక హార్మోనియం, ఒక తబలా, చెవులు చిల్లులు పడే మైకు. మోహన రాగం. ఆది తాళం. చివర్లో హారతి.

కమిటీ అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇలాంటిది మా వీధి చివర భజన సంఘంలో ప్రతి శనివారం వింటాను. ఇందులో పరిశోధించడానికి ఏముంది?" అంది. సోమవారం సమావేశం. అంతలోపల అసలైనదేదో చూపించాలి. లేకపోతే విషయం మార్చుకోవాలి, లేదా సీటు వదులుకోవాలి.

కారు కనుమరుగయ్యాక అవ్వ నా మొహం చూసి అడిగింది. "ఏమే, బాగలేదా? చింతామణి మేష్ట్రు చెప్పినట్లే పాడినాము గదా."

నేను కోర్సువర్కు పరీక్షల కోసం బెంగళూరులో ఉన్న నెలంతా నాకు సంగీతం నేర్పిన వాసుదేవమూర్తి మేష్టరు చింతామణి నుంచి మా ఊరికి వచ్చి వీళ్ళ చేత సాధన చేయించారట. నాకు తెలియకుండా. నా మంచి కోసం.

గురువారం పొద్దున్నే చింతామణి బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికినా ఒళ్ళు మండుతూనే ఉంది.

సంగీతంలో పరిశోధన చేయాలంటే ఏమేం కావాలో మీలో చాలామందికి తెలిసి ఉండదు. ఎం.ఏ.లో మంచి మార్కులుండాలి. ప్రవేశ పరీక్ష రాయాలి. ఆపైన పెద్దల ముందు కూర్చుని పాడి వినిపించాలి. వర్ణం రెండు కాలాల్లో, కృతి, రాగం, స్వరకల్పన. పురుగులింటి పాట మీద పని చేసే పిల్లకు స్వరకల్పన ఎందుకండీ అని అడిగితే, స్థాయి తెలియాలి కదా అన్నారు. పాడాను. ఇంకొక భాష చదివి అర్థం చేసుకోగలగాలన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పుస్తకాల్లో ఇంగ్లీషు, ఇవి చాలవా అంటే చాలవన్నారు. సంస్కృతం నేర్చుకున్నాను. పరిశోధనా పద్ధతుల పరీక్ష రాశాను. పత్రికలో వ్యాసం వేయించుకున్నాను. అన్నీ అయ్యాక అసలు మాట చెప్పారు. సేకరించిన ప్రతి పాటకూ రాగం పేరు, తాళం పేరు, స్వరలిపి ఇవ్వాలి. అవి లేకపోతే అది పాట కింద లెక్కే లేదు. ఈ నియమం చేసినవాడెవడో ఒక్కసారి పురుగులింటి గడప దగ్గరికైనా వచ్చి ఉంటే బాగుండేదని బస్సు ఆగిన ప్రతి ఊళ్ళో దిగి అరవాలనిపించింది.

ఆ వర్ణం, ఆ కృతి, ఆ స్వరకల్పన, అన్నీ నాకు నేర్పింది మేష్టరే. వాళ్ళ పెద్దలు గుడి సేవలో ఉన్నవాళ్ళు. ఆయన హైస్కూలులో సంగీతం చెప్పి రిటైరయ్యారు. రైతుల పిల్లకు పాట ఎందుకని మా నాన్న పాపన్న గొణుగుతుంటే, మా ఇంటికొచ్చి బతిమాలి నన్ను చింతామణికి పిలిపించుకున్న మనిషి. ఆయన మీద కోప్పడటం నాకు అలవాటు లేని పని. దారంతా మాటలు కూర్చుకుంటూ పోయాను.

తలుపు తీసే ఉంది. మేష్టరు గారి భార్య అంబుజమ్మ నడవలో కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. గింజ ఒకవైపు గిన్నెలోకి, తొక్క ఇంకోవైపు చేటలోకి. నన్ను చూసి చేత్తోనే కూర్చోమంది. లోపలి నుంచి మేష్టరు ఇస్త్రీ చొక్కాతో వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"ఏమన్యారమ్మా? మోహన అని కనుక్కున్యారా?"

ఆ వెలుగు చూసి నా కోపం చల్లారింది. ఒక్క క్షణమే. మళ్ళీ అరికాలి మంట నెత్తికెక్కింది.

"కనుక్కున్యారు సార్. మోహన అని, ఆది తాళమని, వాళ్ళ వీధిలో వినేదేనని కూడా కనుక్కున్యారు. సోమవారం నన్ను బయటికి పంపిస్తాండారు."

ఆయన కుర్చీ పట్టుకుని కూర్చున్నారు. అంబుజమ్మ చేతులు ఆగలేదు.

"నాకు ఒక్క మాట చెప్పల్ల గదా సార్. మా అవ్వోళ్ళకు మైకు ఎందుకు? హార్మోనియం ఎందుకు? పురుగులింట్లో చప్పట్లు కూడా కొట్టరే. పురుగుకు సద్దు పడదని గుసగుసగా పాడేవాళ్ళను మందిరంలో కూర్చోపెట్టి అరిపించినారే."

"అట్ల గుసగుసగా పాడితే వాళ్ళు ఏమంటారో నీకు తెలీదు నేత్రా. నాకు తెలుసు." మేష్టరు గొంతులో కూడా వేడి ఉంది. "నీ వయసులో నేను ఇదే పాట పట్టుకొని ఇదే విభాగానికి పోయినా. మీ ఊర్లో బదిలీ మీద పనిచేస్తా ఉన్నప్పుడు విన్న పాట. నేనూ సంశోధన చేయల్లనుకున్నోడినే. నన్ను ఎంతసేపు నిలబెట్టినారో తెలుసా? కూర్చోమని కూడా అనలే. రాగం ఏది అన్యారు. లేదు అన్యా. తాళం ఏది అన్యారు. అదీ లేదు అన్యా. రాగమూ తాళమూ లేని దాన్ని పట్టుకొని సంగీత విభాగానికి ఎందుకు వస్తివయ్యా, పశువుల డాక్టరు దగ్గరికి పో అన్యారు. అందరూ నవ్వినారు."

ఆ నవ్వు ఆయనకు ఇప్పటికీ వినిపిస్తోందని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"ఇంటికొచ్చి దానికి రాగం పెట్టినా. తాళం పెట్టినా. వాళ్ళు ఏది లేదన్యారో అది ఇచ్చినా. తప్పా?"

"అప్పుడు శాస్త్రం లేదని తరిమినారు, ఇప్పుడు శాస్త్రం ఎక్కువైందని తరుముతాండారు. వాళ్ళ న్యాయం అట్ల ఉండాది. మీరెందుకు సార్ వాళ్ళ మాట విని మా పాటను సరిదిద్దినారు? అది తప్పని మా అవ్వ వచ్చి మీకు చెప్పిందా?"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని. అయినా కొంత ఊరట మిగిలి ఉందనుకున్నాను. అదే పైకి అన్నాను.

"పోనీలెండి. ఆ పాత టేపు ఉండాది గదా. మీరు సరిదిద్దక ముందుదే గదా. సోమవారం అది పెట్టి వినిపిస్తా. నిన్నటిది కమిటీ కోసం వేసిన వేషమని చెప్తా."

అంబుజమ్మ చేతులు అప్పుడు ఆగాయి.

ఆ టేపు గురించి చెప్పాలి. మా విభాగం గ్రంథాలయంలో ఉంది. జంగమకోటె ప్రాంతపు రైతు స్త్రీ అని దాని మీద రాసి ఉంటుంది, పేరు లేదు. నా పరిశోధన మొత్తానికి ఆ టేపే దూలం. అందులోనూ మోహన ఛాయే వినిపిస్తుంది, అది పాటకు పుట్టుకతో ఉన్నదేననుకున్నాను. అందులో ఒక ఆడమనిషి ఒంటరిగా, వాద్యం లేకుండా, "మేయమ్మా తల్లీ మేయి, కోకంత ఆకు, హరి హరీ" అని పాడుతుంది. ఎంత బాగా పాడుతుందంటే, మొదటిసారి విన్నప్పుడు గ్రంథాలయంలో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. సెలవుల్లో ఊరికొచ్చి, పురుగులింట్లోకి ఫోన్ తేనివ్వదు కాబట్టి, అవ్వను వాకిట్లో కూర్చోబెట్టి పాడించి రికార్డు చేశాను. టేపూ అవ్వ పాటా అచ్చు ఒకటే. ఇంత కాలం గడిచినా స్వరం కూడా చెదరని సంప్రదాయం అని గొప్పగా రాసుకున్నాను. ఆ "హరి హరీ" మీద, పట్టు రైతుల ఇళ్ళలో వైష్ణవ భక్తి గురించి ఒక అధ్యాయమే రాశాను.

"ఏమండీ," అంది అంబుజమ్మ భర్త వైపు చూడకుండానే. "ఆ టేపు సంగతి కూడా చెప్పండి ఆ పాపకు."

"దాని సంగతి ఇప్పుడెందుకు?"

"ఎందుకా? దాన్ని నమ్ముకొని సోమవారం పోతాండాదే, అందుకు."

మేష్టరు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. అంబుజమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత, అనపగింజల గిన్నె వైపే చూస్తూ, మామూలుగా కూర్చున్న చోటే, నోరు తెరిచింది.

"మేయమ్మా తల్లీ మేయి..."

గొంతు వయసు పడింది. కింద స్వరంలో కొంచెం బొంగురు చేరింది. కానీ "కోకంత" దగ్గర సన్నగా ఒక ఊపిరి తీసుకుంది చూడండి, ఆ ఊపిరి నాకు తెలుసు. దాన్ని హెడ్‌ఫోనులో వందసార్లు విన్నాను. శ్రమ చేసే శరీరం తీసుకునే ఊపిరి అని నా వ్యాసంలో రాశాను. అచ్చు వేశారు కూడా.

"మీరా?" అన్నాను.

"నేనే. మాది బాగేపల్లి. పురుగులిల్లు ఎట్లుంటాదో బయట నుంచి చూసిందే గానీ లోపల అడుగు పెట్టిందాన్ని కాదు. మీ ఊరోళ్ళు మైకు ముందర పాడము అన్యారు. ఈయన రాగం కట్టి నాకు నేర్పించి టేపు చేసినారు. తాళానికి నాలుగు అక్షరాలు తక్కువ పడితే హరి హరీ అని చేర్చినారు."

ఒక అధ్యాయం. ఫుట్‌నోట్లతో సహా. తాళానికి తక్కువ పడిన నాలుగు అక్షరాల మీద.

"టేపు తీసుకొని పోతే ఈసారి నవ్వలే," అన్నారు మేష్టరు కిటికీ వైపు తిరిగే. "బాగుండాది, లైబ్రరీలో పెట్టుకుంటాము అన్యారు. ఎవరు పాడింది అని అడగలే. జంగమకోటె పాట అని నేను చెప్పినా. ఆ పైన వాళ్ళే రాసుకున్యారు. మా ఆవిడ అని చెప్తే టేపు తిరిగిస్తారేమో అని ఊరకుండిపోయినా. నన్ను సంశోధనకు మాత్రం తీసుకోలే."

"మా అవ్వ ఎట్ల మీ రాగంలోనే పాడింది నాకు?"

"ఆ ఏడాదే మీ ఊర్లో భజన మందిరం కట్టినారు. నేనే వాళ్ళకు నేర్పించినా. వాకిట్లో, మందిరంలో అట్ల పాడతారు. పురుగులింట్లో ఎట్ల పాడుకుంటారో వాళ్ళిష్టం. అది నేను ముట్టలే."

అప్పుడు తెలిసింది నాకు నా తెలివి ఎంతో. చిన్నప్పుడు అవ్వ వెంట పురుగులింట్లో తిరిగినదాన్ని. నాలుగో జ్వరం, అంటే ఆఖరిసారి తోలు విడిచే నిద్ర, దాటి లేచిన పురుగులు ఆకు మేస్తుంటే ఇల్లంతా వాన కురిసినట్టుంటుంది. అవ్వ ఆ సద్దు మీద పాడేది. సద్దు పెరిగితే పాట సాగేది, తగ్గితే ఆగేది. తాళం లెక్క మనిషిది కాదు, పురుగుది. నాకది గుర్తుంది. ఆ పాట టేపులో పాటలా ఉండదని కూడా గుర్తుంది. కానీ జ్ఞాపకం సాక్ష్యం కాదని పరిశోధనా పద్ధతుల క్లాసులో చెప్పారు. టేపు సాక్ష్యమన్నారు. మంచి విద్యార్థిని కదా, నా చెవులదే తప్పనుకుని టేపును నమ్మాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు భగభగ మంటోంది. ఎవరి మీద అని అడగకండి. అందరి మీదా.

ఫోన్ మోగింది. అధ్యక్షురాలు. నా ఫోన్ చెవి దగ్గర పెడితే వినపడదు, స్పీకరే గతి. ఆమె కన్నడంలో మాట్లాడింది. ఎప్పుడూ లేనంత మెత్తగా మాట్లాడింది.

"నేత్రా, నిన్న మీ ఊళ్ళో విన్నది నాకు నచ్చలేదు, తెలుసు కదా. రాత్రి వచ్చి లైబ్రరీ టేపు మళ్ళీ విన్నాను. అది వేరు. ఆ గొంతులో నిజం ఉంది. నిన్న పాడినవాళ్ళు దాన్ని పాడు చేసుకున్నారు పాపం. ఒక పని చెయ్యి. ఆ టేపులో పాడిన మనిషి బతికి ఉందేమో కనుక్కో. ఆమెను సోమవారం తీసుకురా. ఆమె ఒక్కతి వచ్చి పాడితే చాలు, నీ రిజిస్ట్రేషన్‌కు నేను హామీ."

నడవలో ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మేష్టరు దగ్గరికి వచ్చి, ఫోన్‌కు వినపడకుండా గొంతు తగ్గించి అన్నారు.

"దొరికింది అని చెప్పమ్మా. అంబుజ వస్తుంది. మీ అవ్వ చీర కట్టుకొని కూర్చొని పాడుతుంది. నీ పని అయిపోతుంది. ఇంతదూరం వచ్చి పోగొట్టుకోవద్దు."

నేను నిజమే చెబుతాను, ఆశ పుట్టింది. ఎంత సులువు. సోమవారం ఒక్క పాట, తర్వాత జన్మంతా డాక్టరు నేత్ర. మా నాన్న నోరు మూతపడుతుంది. మేష్టరు ఇన్నేళ్ళ అవమానానికి మందు దొరుకుతుంది.

అంబుజమ్మ భర్తను చూసింది. నేను ఆమెను అంతకుముందు ఎప్పుడూ అలా చూడలేదు.

"ఆ పొద్దు పేరు లేకుండా పాడించినారు. ఈ పొద్దు వేరేవాళ్ళ చీర కట్టుకొని పాడమంటారా? నా గొంతు బాగుందని ఆయమ్మ అంటాంటే, అది నాదని చెప్పుకోను కూడా పనికిరానా నేను?" నా వైపు తిరిగింది. "చెప్పు నేత్రా. ఉన్నది ఉన్నట్లు చెప్పు. ఏమైతే అదయితుంది."

"నేత్రా, వినపడుతోందా?" అంది ఫోన్‌లో అధ్యక్షురాలు.

"వినపడుతోంది మేడం. ఆమె దొరికారు. నా పక్కనే ఉన్నారు. పేరు అంబుజ. బాగేపల్లివాళ్ళు. గొప్పగా పాడతారు. కానీ ఆమె ఎప్పుడూ పురుగులింట్లో అడుగు పెట్టలేదు. ఆ రాగం మా పాటది కాదు. ఆ తాళం మాది కాదు. హరి హరీ కూడా మాది కాదు. మీ విభాగం రాగం లేదని తరిమితే, దానికి రాగం కట్టి మీకు ఇచ్చారు. మీరు అదే నిజమన్నారు. నేను మీరు చెప్పిందే చదివి, దాని మీద అధ్యాయం రాశాను. అది కొట్టేస్తున్నాను."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది.

"ఏం మాట్లాడుతున్నావో తెలుసా? నీ సినాప్సిస్ అంతా ఆ టేపు మీదే ఉంది."

"తెలుసు మేడం."

"మరి అసలు పాట ఉందా, లేదా? ఉంటే రికార్డింగ్ ఏది? స్వరలిపి ఏది? సోమవారం కమిటీ ముందు ఏం పెడతావు?"

స్వరలిపి అన్న మాట వినగానే నాలో ఏదో తెగింది. కన్నడం ఎగిరిపోయింది. ఇంగ్లీషు ఎలాగూ రాదు కోపంలో. మా ఇంటి తెలుగే బయటికొచ్చింది, అర్థమైనా కాకపోయినా సరే అని వదిలేశాను.

"ఉండాది మేడం. మా అవ్వ పురుగులింట్లో ఉండాది. పురుగు ఇప్పుడు పెద్ద మేతలో ఉండాది, అది పండి గూడు కట్టేదానికి చంద్రికె తట్ట ఎక్కితే మళ్ళా పంట దాకా పాట లేదు. వినల్లనుకుంటే మీరే రావల్ల. సెంటు పూసుకోకుండ, నీళ్ళు పోసుకొని, ఫోన్ బయట పెట్టి, నోరు మూసుకొని ఒక మూల నిలబడల్ల. రాగం ఏదని అడగకూడదు. అట్లయితే వినపడుతుంది. అదే నా సామగ్రి. ఖాయం చేస్తారో తీసేస్తారో మీ ఇష్టం."

మేష్టరు రెండు చేతులతో తల పట్టుకున్నారు. అంబుజమ్మ గిన్నె పక్కకు జరిపింది. లైన్ తెగిందేమో అని తెర చూశాను. తెగలేదు.

తర్వాత అధ్యక్షురాలు మాట్లాడింది. ఈసారి కన్నడంలో కాదు, ఇంగ్లీషులో కాదు. ఆ నోటి నుంచి ఎన్నడూ వినని మా వైపు తెలుగులో, మా ఇంట్లో పెరిగినదానిలా అంది.

"రేపు పొద్దున వస్తా. ఆకు ఎప్పుడు వేస్తారు?"

వేసే వేళ చెప్పాను. ఫోన్ పెట్టేసింది. అంబుజమ్మ అప్పటికే లేచి, "నేనూ వస్తాండా, ఆ పాట ఎట్లుంటాదో నేనూ ఒకసారి వినల్ల," అంటూ లోపలికి వెళ్ళింది.

నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. పురుగుకు బయటి గాలి పడదని, ఊరిపెద్ద భార్య వస్తేనే గడప బయట నిలబెట్టిన మనిషి మా అవ్వ. బెంగళూరు నుంచి వచ్చానని సొంత మనవరాలినే లోపలికి రానివ్వడం మానేసింది. అలాంటి ఇంటికి, పెద్ద మేత వేళ, ఇద్దరిని పిలిచేశాను.

అవ్వను ఇంకా అడగనే లేదు.